పెద్దమనిషి కాని ఆడపిల్ల

మన ఊళ్ళలో ఆడపిల్ల ఈడేరితే ఇల్లంతా పండగే. మేనమామ కొత్త బట్టలు తెస్తాడు. అమ్మాయిని చాప మీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లం కలిపి దంచిన చిమ్మిలి తినిపిస్తారు. పేరంటాళ్ళు వచ్చి అక్షింతలు వేసి దీవించి వెళతారు. ఇప్పుడు కొన్ని ఇళ్ళలో ఆ వేడుక ఫంక్షన్ హాలు దాకా, ఫ్లెక్సీల దాకా వెళ్ళింది గానీ చెప్పుకునే మాట మాత్రం అదే: "మా అమ్మాయి పెద్దమనిషి అయింది."

మరి ఆ రోజు రాకపోతే?

పదహారేళ్ళ అమ్మాయిని ఒకరిని ఊహించుకుందాం. ఇంటర్ మొదటి సంవత్సరం. క్లాసులో అందరికన్నా పొడుగు. మొహం మీద ఒక్క మొటిమ లేదు. ఎదుగుదలంతా వయసుకు తగ్గట్టే ఉంది. నెలసరి మాత్రం రాలేదు. "మా వైపు అందరికీ ఆలస్యమే" అని తల్లి రెండేళ్ళు సర్దిచెప్పుకుంది. ఇక పక్కింటివాళ్ళ ప్రశ్నలకు జవాబు చెప్పలేక ఆస్పత్రికి తీసుకెళ్ళింది. స్కానింగ్ చేసే ఆవిడ కడుపు మీద పరికరాన్ని అటూ ఇటూ జరిపింది, మళ్ళీ జరిపింది, మాట్లాడకుండా వెళ్ళి పెద్ద డాక్టరును పిలుచుకొచ్చింది. గర్భసంచి కనబడలేదు. క్రోమోజోముల పరీక్షకు రక్తం ఇచ్చారు. కొన్ని వారాలకు వచ్చిన కాగితం మీద ఉన్నది ఒక్క ముక్క: 46, ఎక్స్‌వై.

డాక్టరు అమ్మాయిని కాసేపు బయట కూర్చోమన్నారు. అమ్మానాన్నల్ని లోపల ఉంచి తలుపు వేశారు. ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చుని మూసిన తలుపు వైపు చూస్తూ ఉంది.

ఈ వ్యాసం ఆ కాగితం గురించీ, ఆ తలుపు గురించీ. కాగితంలో ఉన్నది జన్యువుల సంగతి. అది అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఆ అమ్మాయి జీవితాన్ని ఎక్కువగా మలిచేది మాత్రం తలుపు.

ఒంట్లో ఏం జరిగింది?

మనకు బళ్ళో చెప్పిన పాఠం చిన్నది. ఎక్స్‌ఎక్స్ అయితే ఆడపిల్ల, ఎక్స్‌వై అయితే మగపిల్లాడు. చాలామంది విషయంలో ఆ పాఠం సరిపోతుంది. కానీ క్రోమోజోముల నుంచి మనిషి దాకా దారి చాలా పొడుగు, మధ్యలో చాలా మలుపులున్నాయి.

తల్లి కడుపులో మొదటి ఆరు వారాల దాకా పిండం ఆడా మగా అని తేడా కనిపించని స్థితిలోనే ఉంటుంది. రెండు వైపులకూ కావలసిన సరంజామా ప్రతి పిండంలోనూ ఉంటుంది. వై క్రోమోజోము మీద ఎస్‌ఆర్‌వై అనే చిన్న జన్యువు ఉంది. 1990లో లండన్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. అది పనిచేస్తే ఆ పిండంలో వృషణాలు ఏర్పడతాయి. వృషణాలు రెండు రకాల హార్మోన్లు వదులుతాయి. ఒకటి, గర్భసంచి కాబోయే భాగాన్ని కరిగించేస్తుంది. రెండోది టెస్టోస్టిరాన్. శరీరాన్ని మగ రూపం వైపు నడిపించేది ఇదే.

మనం ఊహించుకున్న అమ్మాయిలో ఇక్కడి దాకా అంతా ఎక్స్‌వై పాఠం ప్రకారమే జరిగింది. వృషణాలు కడుపులోనే ఏర్పడ్డాయి. మొదటి హార్మోను తన పని చేసింది, కాబట్టి గర్భసంచి ఏర్పడలేదు. టెస్టోస్టిరాన్ కూడా పుష్కలంగానే తయారైంది. కానీ ఆ హార్మోను పిలుపు అందుకోవడానికి ప్రతి కణంలోనూ ఒక గ్రాహకం ఉండాలి. ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువులో మార్పు ఉండటంతో అది పనిచెయ్యలేదు.

పల్లెటూరి వాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. కాలువలో నీళ్ళు నిండుగా వచ్చాయి. పొలానికి ఉన్న తూము మాత్రం తెరుచుకోలేదు. కాలువ నిండా నీళ్ళున్నా ఆ పొలంలోకి చుక్క రాదు. ఈ అమ్మాయిల శరీరంలో టెస్టోస్టిరాన్ కథ అదే. అంతటితో ఆగదు. వాడుకోలేని ఆ టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని శరీరం ఈస్ట్రోజెన్‌గా మార్చుకుంటుంది. ఈస్ట్రోజెన్ తూము బాగానే పనిచేస్తుంది. అందుకే పుట్టినప్పుడు చూస్తే ఆడపిల్ల, యవ్వనంలో ఏ మందులూ వాడకుండానే స్త్రీ శరీరం. చంకల్లో, పొత్తికడుపు కింద వెంట్రుకలు మాత్రం చాలా తక్కువగా ఉంటాయి లేదా అసలుండవు.

దీన్ని పూర్తిస్థాయి ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ సిండ్రోమ్ అంటారు. వైద్యులు క్లుప్తంగా ఏఐఎస్ అంటారు. జన్యుపరంగా ఎక్స్‌వైగా పుట్టినవాళ్ళలో లక్షకు 2 నుంచి 5 మందికి ఈ స్థితి ఉంటుందని అంచనా. తూము పూర్తిగా మూసుకోకుండా కొంత తెరిచి ఉండే పాక్షిక రూపం కూడా ఉంది. దాని కథ వేరు, ఇంకా చిక్కైనది. ఇక్కడ పూర్తిస్థాయి రూపం గురించే మాట్లాడుకుందాం.

ఇళ్ళలో వెంటనే వచ్చే ఒక అనుమానం తీర్చాలి. "మేనరికం చేసుకున్నాం, అందుకే ఇలా అయిందా?" కాదు. ఆ గ్రాహకపు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మూడింట రెండొంతుల మందికి అది తల్లి నుంచి వస్తుంది, మిగిలిన వాళ్ళలో కొత్తగా పుట్టిన మార్పు. తల్లికి తనలో అది ఉందన్న సంగతే తెలియదు, ఎందుకంటే ఆమెకున్న రెండో ఎక్స్ సరిగ్గా పనిచేస్తూ ఉంటుంది. మేనరికంతో దీనికి సంబంధం లేదు, తల్లి చేసిన తప్పూ లేదు. అక్కచెల్లెళ్ళు, పిన్ని కూతుళ్ళు ఎవరికైనా ఇది ఉండవచ్చు గనుక, కుటుంబానికి జన్యు సలహా ఇప్పించడం మంచిది.

నేను ఎవరినన్న ఎరుక

ఇప్పుడు అసలు ప్రశ్న. కాగితం ఎక్స్‌వై అంటోంది. మరి ఆమె ఆడదా, మగా?

ఈ ప్రశ్నలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి శరీర నిర్మాణం. రెండోది, సమాజం ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కేటాయించిన నడవడి. మూడోది, "నేను ఫలానా" అని మనిషికి లోపల ఉండే ఎరుక. దీన్నే జెండర్ గుర్తింపు అంటున్నారు. మూడేళ్ళ పిల్లను "నువ్వు పాపవా, బాబువా?" అని అడిగితే తడుముకోకుండా చెబుతుంది. క్రోమోజోములేమిటో ఆ పిల్లకు తెలియదు. మనలో చాలామందికి మన క్రోమోజోములు ఏమిటో ఇప్పటికీ తెలియదు, ఎవరూ పరీక్ష చేయించుకోలేదు. అయినా మనం ఎవరమన్నది మనకు తెలుసు.

ఆ ఎరుక ఎక్కడి నుంచి వస్తుంది? పెంపకం నుంచా, హార్మోన్ల నుంచా, జన్యువుల నుంచా? మనుషుల మీద దీనికోసం ప్రయోగాలు చెయ్యలేం. చెయ్యకూడదు కూడా. కానీ ప్రకృతి మన ముందు పెట్టిన మూడు స్థితులను పక్కపక్కన పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది.

మొదటిది మనం చెప్పుకుంటున్న ఏఐఎస్. 2003లో బ్రిటన్ పరిశోధకులు ఈ స్థితి ఉన్న 22 మంది స్త్రీలనూ, లేని 22 మంది స్త్రీలనూ పోల్చి చూశారు. స్త్రీగా తమ గుర్తింపులో గానీ, ఆత్మగౌరవంలో గానీ, మానసిక క్షేమంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పూర్తిస్థాయి ఏఐఎస్ ఉండి, తర్వాత పురుషుడిగా మారాలనుకున్నవాళ్ళు ఎక్కడో అరుదుగా ఉన్నారు. దాదాపు అందరూ స్త్రీలుగానే తమను తాము ఎరుగుదురు.

రెండోది దీనికి అద్దంలో తిరగబడిన బొమ్మ. క్రోమోజోములు ఎక్స్‌ఎక్స్, గర్భసంచి, అండాశయాలు అన్నీ ఉంటాయి. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు మాత్రం మగ హార్మోన్లను మోతాదు మించి తయారుచేస్తాయి. దీన్ని సీఏహెచ్ అంటారు. కడుపులో ఉండగానే ఆ హార్మోన్ల ప్రభావం పడిన ఈ ఆడపిల్లల్లో చాలామంది బొమ్మల కన్నా బండ్లూ కార్లూ ఇష్టపడతారు, దూకుడు ఆటలు ఆడతారు. అంతమాత్రాన మగపిల్లలమని అనుకుంటారా? 2005లో వచ్చిన ఒక సమీక్షలో ఆడపిల్లలుగా పెరిగిన 250 మంది వివరాలు చూస్తే, తమ స్త్రీ గుర్తింపుతో గట్టి ఇబ్బంది పడినవాళ్ళు 13 మంది. మిగిలినవాళ్ళు చెట్లెక్కినా, గోలీలాడినా ఆడపిల్లలే. ఆట వేరు, ఎరుక వేరు అన్నమాట.

మూడోది డొమినికన్ రిపబ్లిక్ దేశంలో సాలినాస్ అనే పల్లె నుంచి 1970లలో బయటి ప్రపంచానికి తెలిసింది. అక్కడ కొందరు ఎక్స్‌వై పిల్లలకు టెస్టోస్టిరాన్‌ను మరింత బలమైన రూపానికి మార్చే ఎంజైము లోపించింది. పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించారు, అలాగే పెరిగారు. యవ్వనంలో టెస్టోస్టిరాన్ పొంగేసరికి శరీరాలు మగ రూపానికి తిరిగాయి. వాళ్ళ తూము తెరిచే ఉంది మరి. పూర్తిగా ఆడపిల్లలుగా పెరిగిన 18 మందిలో 17 మంది తర్వాత పురుషులుగా తమను తాము గుర్తించుకున్నారని 1979లో పరిశోధకులు ప్రకటించారు.

ఈ మూడూ కలిపి చూడండి. ఏఐఎస్ స్త్రీలకూ సాలినాస్ పిల్లలకూ ఉన్నవి అవే ఎక్స్‌వై క్రోమోజోములు. మొదటివాళ్ళు స్త్రీలయ్యారు, రెండోవాళ్ళలో ఎక్కువమంది పురుషులయ్యారు. అంటే క్రోమోజోము ఒక్కటే తేల్చదు. సాలినాస్‌లో పెంపకం ఆడపిల్లల పెంపకమే, అయినా అది నిలవలేదు. అంటే పెంపకం ఒక్కటీ తేల్చదు. సీఏహెచ్ అమ్మాయిల్లో మగ హార్మోన్లు పనిచేశాయి, అయినా ఎక్కువమంది స్త్రీలుగానే నిలిచారు. హార్మోను ఒక్కటీ తేల్చదు. శరీరం, హార్మోన్లు, ఇల్లు, ఊరు, యవ్వనంలో వచ్చే అనుభవాలు అన్నీ కలిస్తే ఆ ఎరుక రూపు కడుతుంది. ఏ ఒక్కదాన్నీ పట్టుకుని "నీ అసలు రూపం ఇదీ" అని బయటివాళ్ళు తీర్పు చెప్పే వీలు లేదు.

ఒక సర్టిఫికెట్టు మరచిపోయిన రోజు

అలా తీర్పు చెబితే ఏమవుతుందో స్పెయిన్ దేశపు క్రీడాకారిణి మరియా హోసే మార్టినెస్ పాటిన్యో జీవితం చెబుతుంది. ఆమె హర్డిల్స్ పరుగు క్రీడాకారిణి. ఆ రోజుల్లో పెద్ద పోటీల్లో పాల్గొనే స్త్రీలు క్రోమోజోముల పరీక్ష పాసై, "స్త్రీ" అన్న ధ్రువపత్రం వెంట ఉంచుకోవాలి. 1983లో హెల్సింకీలో ఆమెకు అది ఇచ్చారు. 1985లో జపాన్‌లోని కోబెలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడలకు వెళ్ళినప్పుడు ఆ కాగితం ఇంట్లో మరచిపోయింది. దాంతో బుగ్గ లోపలి కణాలు తీసి మళ్ళీ పరీక్షించారు. ఈసారి ఫలితం తేడాగా వచ్చింది.

గాయమైనట్టు నటించి పోటీ నుంచి తప్పుకోమన్నారు. ఆమె స్టేడియంలో ప్రేక్షకుల మధ్య కూర్చుని, తనతో వచ్చిన అమ్మాయిలు పరిగెత్తుతుంటే చూసింది. వాళ్ళ ఒంటికీ తన ఒంటికీ తేడా ఏమిటా అని ఆ రోజు ఆలోచిస్తూ కూర్చున్నానని చాలా ఏళ్ళ తర్వాత రాసుకుంది. అప్పటికి ఆమె వయసు 24. అంతకుముందు రోజు దాకా తాను స్త్రీ అన్న విషయంలో ఆమెకు ఏ సందేహమూ లేదు. ఆ తర్వాత కూడా లేదు. సందేహం మిగతావాళ్ళది, శిక్ష మాత్రం ఆమెకు.

1986 జనవరిలో స్పెయిన్ జాతీయ పోటీలకు ముందు కూడా చప్పుడు చెయ్యకుండా తప్పుకోమని ఒత్తిడి వచ్చింది. ఆమె వినలేదు. 60 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తి గెలిచింది. ఆ తర్వాత ఆమె పరీక్ష ఫలితం పత్రికలకెక్కింది. క్రీడాకారుల వసతి గృహం నుంచి వెళ్ళగొట్టారు. ఉపకారవేతనం ఆపేశారు. రికార్డులు తుడిచేశారు. కాబోయే భర్త వదిలి వెళ్ళాడు. ఫిన్లాండ్ జన్యుశాస్త్రవేత్త ఆల్బర్ట్ డి లా షాపెల్ లాంటి కొందరు ఆమె వైపు నిలబడ్డారు. ఆమె వాదన సూటిగా ఉంది: నాకున్నది పూర్తిస్థాయి ఏఐఎస్, నా ఒంట్లో ఎంత టెస్టోస్టిరాన్ ఉన్నా అది నాకు ఎందుకూ పనికిరాదు. తూము మూసిన పొలానికి కాలువ నీళ్ళ పన్ను వెయ్యడం లాంటి అన్యాయం అది. 1988లో ఆమెను మళ్ళీ అనుమతించారు. అప్పటికి ఆటకు దూరమై ఏళ్ళు గడిచాయి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ అర్హత సెకనులో పదో వంతు తేడాతో తప్పిపోయింది. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తన కథను తన పేరుతోనే రాసింది.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3,387 మంది క్రీడాకారిణులను పరీక్షిస్తే ఎనిమిది మందికి ఫలితం తేడాగా వచ్చింది. వాళ్ళలో ఏడుగురికి ఏఐఎస్ ఉన్నట్టు తేలింది. అందర్నీ పోటీకి అనుమతించారు. 1999లో ఒలింపిక్ కమిటీ ఆ పరీక్షను ఎత్తేసింది. కానీ ఆ చర్చ ముగిసిపోలేదు. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ ఎస్‌ఆర్‌వై జన్యు పరీక్షను మళ్ళీ తెచ్చింది.

మన దగ్గరా ఈ గాయం ఉంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ గెలిచిన వెండి పతకాన్ని లింగ పరీక్ష పేరుతో వెనక్కి తీసుకున్నారు. ఒడిశాకు చెందిన ద్యుతీ చంద్‌ను 2014లో టెస్టోస్టిరాన్ ఎక్కువుందని పక్కన పెడితే, ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2015 జులైలో ఆ నిబంధనను నిలిపివేయించుకుంది. ఆ తర్వాత హైదరాబాద్‌లో తెలుగు కోచ్ నాగపురి రమేశ్ దగ్గర సాధన చేసింది. ఈ ఇద్దరి వైద్య వివరాలు మనకు సంబంధించినవి కావు. వాళ్ళ శరీరం గురించి వాళ్ళ కన్నా ముందు ఊరంతా మాట్లాడుకోవడమే ఇక్కడ మనం గమనించాల్సిన తప్పు.

దాచిపెట్టిన వైద్యం

ఆ మూసిన తలుపు దగ్గరికి మళ్ళీ వద్దాం. లోపల ఏం మాట్లాడుకుంటున్నారు?

1953లో అమెరికా వైద్యుడు జాన్ మోరిస్ ఇలాంటి 82 మంది స్త్రీల వివరాలు క్రోడీకరించి ఈ స్థితికి ఒక పేరు పెట్టాడు. ఆ పేరులోనే "వృషణం" అన్న మాట ఉంది. అది వింటే ఏ అమ్మాయైనా కుంగిపోతుందని వైద్యులు భయపడ్డారు. ఆ భయంలోంచి ఒక అలవాటు పుట్టింది: అమ్మాయికి నిజం చెప్పకూడదు. కడుపులోని వృషణాలు తీసేసేటప్పుడు "అండాశయాలు సరిగ్గా లేవు, అలాగే ఉంచితే క్యాన్సర్ రావచ్చు" అని చెప్పేవాళ్ళు. కొందరు తల్లిదండ్రులకు కూడా సగమే చెప్పేవాళ్ళు. అంతా మంచికేనని నమ్మి చేశారు.

జరిగింది మాత్రం వేరు. పిల్లలు మొద్దులు కారు. ఏటా ఆస్పత్రికి ఎందుకు తీసుకెళుతున్నారు? మాత్రలు ఎందుకు మింగాలి? నేను గదిలోకి రాగానే అమ్మ మాట ఎందుకు మారుస్తుంది? చెప్పడానికి వీల్లేనంత ఘోరం ఏదో నాలో ఉందన్నమాట. ఈ నిర్ధారణకు ఆ పిల్లలు తమంతట తామే వచ్చారు. కొందరు పెద్దయ్యాక గ్రంథాలయంలో వైద్య పుస్తకాలు తిరగేస్తూ ఒంటరిగా నిజం కనుక్కున్నారు. ఆ పుస్తకాల్లో కళ్ళకు నల్లపట్టీ వేసిన నగ్న శరీరాల ఫోటోలు ఉండేవి. తమ గురించి తాము చదివిన మొదటి పేజీ అది.

ఇక్కడ ఒక తేడా జాగ్రత్తగా గమనించాలి. ఈ స్త్రీలను కలచివేసే ప్రశ్న సాధారణంగా "నేను ఆడదాన్నా, మగాణ్ణా" అన్నది కాదు. "నేను పూర్తి ఆడదాన్నేనా" అన్నది. మొదటిది గుర్తింపు. రెండోది ఆ గుర్తింపు మీద ధీమా. గుర్తింపు చెక్కుచెదరకుండా ఉండి కూడా ధీమా కూలిపోవచ్చు. స్నేహితురాళ్ళు ప్యాడ్ల గురించి, కడుపునొప్పి గురించి మాట్లాడుకుంటుంటే తనకూ అన్నీ తెలిసినట్టు తలూపే అమ్మాయి, బ్యాగులో అక్కర్లేని ప్యాడ్ ఒకటి ఎప్పుడూ ఉంచుకునే అమ్మాయి మగాడినని అనుకోవడం లేదు. దొరికిపోతానేమోనని భయపడుతోంది.

ఈ మౌనాన్ని బద్దలుకొట్టింది ఆ స్త్రీలూ, వాళ్ళ తల్లులే. 1988లో బ్రిటన్‌లో ఏఐఎస్ ఉన్న ఒక అమ్మాయి తల్లి చొరవతో సహాయ బృందం మొదలైంది. జీవితంలో మొదటిసారి తనలాంటి మరో స్త్రీని చూడటం ఎలాంటిదో ఆ బృందాల్లో కలిసినవాళ్ళు పదే పదే చెప్పారు. ఎదురుగా కూర్చున్నది ఒక టీచరో, నర్సో, లాయరో. మామూలు మనిషి. పుస్తకంలోని నల్లపట్టీ బొమ్మ కాదు. వైద్యులు ఏళ్ళ తరబడి ఇవ్వలేని ధైర్యం ఒక మధ్యాహ్నంలో దొరికేది.

2005లో చికాగోలో వివిధ దేశాల నిపుణులు సమావేశమయ్యారు. సహాయ బృందాల ప్రతినిధులు కూడా ఆ చర్చలో ఉన్నారు. 2006లో వెలువడిన ఆ ఉమ్మడి ప్రకటన పాత పేర్లను పక్కన పెట్టమంది. వయసుకు తగ్గట్టు పిల్లలకు నిజం చెప్పాలంది, వైద్య బృందంలో మానసిక నిపుణులు తప్పనిసరిగా ఉండాలంది. నిజం చెప్పడం వైద్యానికి ముందో వెనకో చేసే మర్యాద కాదు, అదీ వైద్యంలో భాగమేనని అప్పటికి ఒప్పుకున్నారు.

ఆ ధీమా మళ్ళీ ఎలా కడతారు?

నిజం తెలిసిన రోజున చాలామందిలో రెండు భావాలు ఒకేసారి వస్తాయి. ఒకటి దుఃఖం. బిడ్డను మోయలేనన్న దుఃఖం నిజమైనదే, దాన్ని ఎవరూ తేలిక చెయ్యకూడదు. రెండోది, వినడానికి వింతగా ఉన్నా, ఊరట. ఇన్నాళ్ళ ముక్కలన్నీ ఒక చోట కుదురుకున్న ఊరట.

తర్వాత దారులు వేరవుతాయి. కొందరు "నేను స్త్రీని, నాకు ఒక వైద్య స్థితి ఉంది, థైరాయిడ్ ఉన్నవాళ్ళలాగే" అంటారు. కొందరు తమను ఇంటర్‌సెక్స్ (పుట్టుకతోనే శరీరంలో ఆడా మగా లక్షణాలు కలిసి ఉన్నవాళ్ళు) అని పిలుచుకుని, అదే మాటతో హక్కుల కోసం గొంతెత్తుతారు. ఇంకొందరు "ఎక్స్‌వై స్త్రీని" అని గర్వంగానే చెప్పుకుంటారు. కొద్దిమంది ఆడా మగా అన్న రెండు గదుల్లోనూ ఇమడలేమంటారు. వీటిలో ఒకటి సరైనదీ మిగతావి తప్పూ కాదు. ఎవరి పేరు వాళ్ళు ఎంచుకోవాలి.

మన చట్టం ఇక్కడ కాస్త తడబడింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, నల్సా కేసుగా పేరుపడిన తీర్పులో, జెండర్ గుర్తింపు ఎవరిది వాళ్ళే నిర్ణయించుకునే హక్కు అని చెప్పింది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం మాత్రం ఇంటర్‌సెక్స్ భేదాలున్నవాళ్ళను కూడా ట్రాన్స్‌జెండర్ నిర్వచనంలోనే చేర్చింది. పుట్టినప్పటి నుంచీ స్త్రీగానే జీవిస్తున్న ఏఐఎస్ స్త్రీకి ఆ పేరు అతకదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గౌరవానికి ఇది తక్కువ చేసే మాట కాదు, రెండూ వేర్వేరు అనుభవాలు. అదే 2019లో మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత, ప్రాణాపాయం లేనప్పుడు ఇంటర్‌సెక్స్ పసిపిల్లలకు లింగాన్ని "సరిచేసే" శస్త్రచికిత్సలు చెయ్యకూడదని తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. బిడ్డ పెరిగి, తన మాట తాను చెప్పే దాకా ఆగమన్నది దాని సారాంశం.

వైద్యంలోనూ ఆ ఓపిక వచ్చింది. కడుపులోని ఆ వృషణాల్లో క్యాన్సర్ ముప్పు యవ్వనానికి ముందు చాలా తక్కువ, వయసుతో కొంత పెరుగుతుంది. అవి ఉంటే శరీరం తన ఈస్ట్రోజెన్ తానే చేసుకుంటుంది. అందుకని ఇప్పుడు చాలాచోట్ల యవ్వనం పూర్తయ్యే దాకా ఆగి, ఆ అమ్మాయితోనే మాట్లాడి నిర్ణయిస్తున్నారు. తీసేస్తే ఎముకలు గుల్లబారకుండా ఈస్ట్రోజెన్ మందు ఏళ్ళ తరబడి వాడాలి. ఎందుకు వాడుతున్నదో తెలియని మందు ఎవరూ శ్రద్ధగా వాడరు. నిజం చెప్పడం ఎముకలకూ మంచిదే.

ఇంటి మాట, ఊరి మాట

మన భాషలో ఆడతనానికి మెట్లు కట్టి ఉన్నాయి. ఈడేరడం ఒక మెట్టు, పెళ్ళి ఒక మెట్టు, కడుపు పండటం ఒక మెట్టు. మొదటి మెట్టు ఎక్కని అమ్మాయిని "ఇంకా కాలేదా" అంటారు, చివరి మెట్టు ఎక్కని ఆవిడను గొడ్రాలంటారు. ఏఐఎస్ ఉన్న అమ్మాయిలే కాదు, ఎక్స్‌ఎక్స్ క్రోమోజోములు ఉండి కూడా గర్భసంచి లేకుండా పుట్టిన అమ్మాయిలు, ఒకే ఎక్స్‌తో పుట్టి టర్నర్ సిండ్రోమ్‌తో పెరిగే అమ్మాయిలు, వీళ్ళంతా ఆ మెట్ల దగ్గరే ఆగిపోతున్నారు. జన్యువు వాళ్ళ నుంచి తీసుకున్నది ఒక అవయవాన్నో, ఒక సామర్థ్యాన్నో. "నువ్వు ఆడదానివే కాదు" అన్న మాట జన్యువు అనలేదు, మనం అంటున్నాం.

అందుకే తల్లిదండ్రులకు కొన్ని మాటలు. చిన్నప్పుడే, గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేసేటప్పుడు ఈ సంగతి బయటపడిన ఇళ్ళున్నాయి. అలాంటప్పుడు ఒక్క రోజు కూర్చోబెట్టి అంతా చెప్పాలని లేదు. ఐదేళ్ళ పిల్లకు "నీ కడుపులో పాపాయి ఉండే సంచి లేదు, పిల్లలు కావాలంటే దత్తత తీసుకోవచ్చు" అంటే చాలు. పదేళ్ళప్పుడు, నెలసరి రాదని స్నేహితురాళ్ళ కన్నా ముందు ఇంట్లోనే తెలియాలి. క్రోమోజోముల సంగతి, బళ్ళో ఆ పాఠం వచ్చేలోపే తెలియాలి. ఎక్స్‌వై అంటే మగపిల్లాడని మాస్టారు బోర్డు మీద రాసే రోజున ఆమె ఒంటరిగా ఉండకూడదు. పెళ్ళి నాటికి ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో ఆమె నిర్ణయించుకోవాలి. జీవితాన్ని పంచుకోబోయే వాడికి నిజం చెప్పి చేసుకున్న పెళ్ళి, దాచి చేసిన పెళ్ళి కన్నా గట్టిది.

బంధువులకు చెప్పాల్సిన పనిలేదు. దాచడం వేరు, గుట్టు వేరు. దాచడంలో సిగ్గు ఉంటుంది, గుట్టులో హక్కు ఉంటుంది. ఆ అమ్మాయికి గుట్టు ఉండనివ్వండి, సిగ్గు నేర్పకండి.

ఇప్పుడు ఆ బెంచీ దగ్గరికి వెళదాం. డాక్టరు తలుపు తీసి, "లోపలికి రామ్మా, ఇది నీ గురించే, నీకూ తెలియాలి" అంటే ఎలా ఉంటుంది? తల్లి పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని, కాగితం ఆమె చేతికే ఇచ్చి, కాలువ కథో మరొకటో చెప్పి, ఆమె ఏడిస్తే ఏడవనిచ్చి, అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెబితే?

తెలుగులో పెద్దమనిషి అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఆడపిల్ల విషయంలో అది నెలసరి మాట. మిగతా ఊరందరి విషయంలో, నిజం తెలిసి నిబ్బరంగా నిలబడే మనిషి అని అర్థం. ఆ గదిలోంచి తన సంగతి తాను తెలుసుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చే అమ్మాయిని పెద్దమనిషి అని పిలవడానికి మన భాష ఎప్పుడో ఒప్పుకుంది. మనం ఒప్పుకోవడమే మిగిలింది.